ట్యూషన్: చదువు చెప్పడమా, చెప్పినందుకు కట్టే రుసుమా?

ఈ నెల శీర్షికకు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు ఒకే మాటను గురించి అడిగాయి. ఆ మాట "ట్యూషన్". మన ఇళ్లలో పొద్దూమాపూ వినిపించే మాటే గనుక దాని గురించి అడగవలసిందేముంటుందని అనిపించవచ్చు. ఉత్తరాలు చదివితే మాత్రం అది ఒక్కో కాగితం మీద ఒక్కో అర్థంతో ఎదురై, పిల్లలనూ తల్లిదండ్రులనూ నిజంగానే ఇబ్బంది పెట్టిందని తెలుస్తుంది. ఇంట్లో మొదటిసారిగా కాలేజీ మెట్టెక్కి, తమ దరఖాస్తులు తామే నింపుకొంటున్న పిల్లలు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. ఒక్క మాట అర్థం కాక వారు వెనకాడే పరిస్థితి రాకూడదన్న ఉద్దేశంతో ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ మాటకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా అన్న అమెరికాలో ఎం.ఎస్. చదవడానికి దరఖాస్తులు పెట్టాడు. ఒక విశ్వవిద్యాలయం పంపిన లేఖలో "పార్షియల్ ట్యూషన్ వేవర్" ఇస్తున్నట్లు రాసి ఉంది. కొన్ని తరగతులకు పోకపోయినా ఫరవాలేదని దాని అర్థమని అన్న స్నేహితుడొకరు చెప్పారు. అది విన్నప్పటి నుంచి, తరగతులు తగ్గిస్తే ఆ పట్టాకు విలువ ఉంటుందా అని మా నాయన దిగులు పడుతున్నారు. బడి అయిపోయాక చెప్పించుకునే చదువునే కదా ట్యూషన్ అంటాం, విశ్వవిద్యాలయం లేఖలో ఆ మాట ఎందుకు వచ్చింది?
— ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: ముందుగా మీ నాయనగారికి ధైర్యం చెప్పండి. ఆ లేఖలో ఉన్నది మంచి వార్త. అమెరికాలో వాడే ఇంగ్లీషులో ట్యూషన్ అంటే విశ్వవిద్యాలయం చదువు చెప్పినందుకు విద్యార్థి కట్టవలసిన డబ్బు. వేవర్ అంటే మాఫీ, పార్షియల్ అంటే కొంతవరకు. కాబట్టి మీ అన్నకు బోధన రుసుములో కొంత భాగాన్ని మాఫీ చేస్తున్నామని వారు తెలియజేశారు. తరగతుల్లో గాని, పరీక్షల్లో గాని, చివరన వచ్చే పట్టాలో గాని తగ్గేది ఏమీ లేదు.

అయితే ఆ లేఖను ఇంకొంచెం జాగ్రత్తగా చదవవలసిన అవసరం ఉంది. అమెరికా విశ్వవిద్యాలయాల ఖర్చుల పట్టికలో "ట్యూషన్ అండ్ ఫీజ్" అని రెండు మాటలు జంటగా కనిపిస్తాయి. మనకు ఆ రెండూ ఒకటే అనిపించినా వారి లెక్కలో అవి వేరువేరు పద్దులు. ట్యూషన్ కేవలం బోధనకు కట్టేది. దాన్ని చాలాచోట్ల సెమిస్టర్‌లో తీసుకున్న క్రెడిట్ల (ఒక్కో పాఠ్యాంశానికి కేటాయించే పాయింట్ల) సంఖ్యను బట్టి లెక్కకడతారు. ఫీజ్ అన్న మాట కింద ప్రయోగశాల, ఆరోగ్య కేంద్రం, కంప్యూటర్ సౌకర్యాలు, విద్యార్థి సంఘాల కార్యక్రమాలు మొదలైనవాటి రుసుములు వస్తాయి. లేఖలో ట్యూషన్ మాత్రమే మాఫీ చేస్తున్నామని ఉంటే ఈ రెండో పద్దు, దానితోపాటు ఆరోగ్య బీమా, మీ అన్న చేతి నుంచి కట్టవలసినవే అవుతాయి. వీసా కోసం విశ్వవిద్యాలయం జారీ చేసే ఐ-20 పత్రంలో కూడా ట్యూషన్, ఫీజులు ఒక వరుసలోనూ జీవన వ్యయం మరొక వరుసలోనూ చూపిస్తారు. అందువల్ల మాఫీ ఏ పద్దుకు వర్తిస్తుంది, ఒక్క సెమిస్టర్‌కా లేక చదువు పూర్తయ్యేవరకా, కొనసాగాలంటే ఎన్ని మార్కులు నిలబెట్టుకోవాలి అన్న సంగతులను ఈమెయిల్ ద్వారా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమని మీ అన్నకు చెప్పండి. అలా అడగడాన్ని అక్కడెవరూ తప్పుగా తీసుకోరు.

ఆ లేఖల్లోనే "ఇన్-స్టేట్ ట్యూషన్", "అవుట్-ఆఫ్-స్టేట్ ట్యూషన్" అనే మాటలు కూడా రావచ్చు. రాష్ట్ర ప్రభుత్వాల విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్రవాసుల నుంచి తక్కువ రుసుము, బయటివారి నుంచి ఎక్కువ రుసుము తీసుకుంటాయి. విదేశీ విద్యార్థిని సాధారణంగా బయటివారిలోనే లెక్కిస్తారు. కొన్నిచోట్ల ఇచ్చే మాఫీ అంతా ఈ రెండు రుసుముల మధ్య తేడాను తీసివేయడమే అవుతుంది. అటువంటప్పుడు మాఫీ అన్న మాటను చూసి సంతోషించడంతో ఆగకుండా, తీసివేతలన్నీ పోగా కట్టవలసినది ఎంతో లెక్క వేసుకోవాలి.

ఇంగ్లండులో సంగతి వేరు. అక్కడ ట్యూషన్ అంటే బోధన, డబ్బును గురించి చెప్పవలసినప్పుడు "ట్యూషన్ ఫీ" అని రెండు మాటలూ కలిపి చెబుతారు. ప్రభుత్వం 1998లో విశ్వవిద్యాలయ విద్యార్థుల నుంచి ఏడాదికి 1,000 పౌండ్ల వరకు వసూలు చేయడం మొదలుపెట్టినప్పుడు గాని, 2012లో ఆ గరిష్ఠ పరిమితిని 9,000 పౌండ్లకు పెంచినప్పుడు గాని అక్కడి చర్చంతా ట్యూషన్ ఫీజుల పేరుతోనే సాగింది. "స్మాల్ గ్రూప్ ట్యూషన్ ఇస్తాము" అని ఒక బ్రిటిష్ కళాశాల రాసుకుంటే, కొద్దిమందిని కూర్చోబెట్టి శ్రద్ధగా చదువు చెబుతామని దాని అర్థం. అదే వాక్యాన్ని అమెరికా విద్యార్థి చదివితే ఒక్క క్షణం తడబడతాడు.

మూడో అర్థం మనది, అంటే బడి వేళలు ముగిశాక డబ్బు కట్టి చెప్పించుకునే చదువు. ఇది తప్పుడు వాడుక అని కొందరు అంటారు గాని నేను ఒప్పుకోను. బ్రిటిష్ ఇంగ్లీషులో "ప్రైవేట్ ట్యూషన్" అన్న మాటకు దాదాపు ఇదే అర్థం ఉంది. సింగపూర్‌లో, మలేషియాలో కూడా సాయంత్రం పిల్లలు పోయే చోటును ట్యూషన్ సెంటర్ అనే అంటారు. తేడా అంతా అమెరికా వారితోనే. మీ అన్న దరఖాస్తుతో పంపే వ్యాసంలో "ట్యూషన్ లేకుండానే పదో తరగతి పాసయ్యాను" అని గర్వంగా రాసుకున్నా, అక్కడి అధికారి దాన్ని "రుసుము కట్టకుండా పాసయ్యాను" అని అర్థం చేసుకునే వీలుంది. అక్కడికి పంపే కాగితాల్లో ఈ చదువును "ట్యూటరింగ్" అనాలి.

ప్రశ్న: మా బాబు ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్నాడు. ఈసారి ఇచ్చిన రసీదులో పెద్ద మొత్తం ట్యూషన్ ఫీజు కింద చూపించారు. మావాడు సాయంత్రం బడి విడవగానే ఇంటికి వస్తాడు, ఎక్కడా ట్యూషన్‌కు పోడు. చెప్పని ట్యూషన్‌కు డబ్బు ఎందుకని అడిగితే, ఆఫీసులో కూర్చున్నవారు విసుక్కున్నారే తప్ప అర్థమయ్యేటట్లు చెప్పలేదు. మా తమ్ముని బిడ్డ ఇంజనీరింగ్ స్కాలర్‌షిప్ కాగితాలలోనూ ట్యూషన్ అని ఉంది. ఇదంతా ఏమిటి?
— ఒక తండ్రి, కల్వకుర్తి

జవాబు: మీరు అడిగినదానిలో తప్పేమీ లేదు. డబ్బు కట్టేవారికి రసీదులోని ప్రతి వరుస ఎందుకో తెలుసుకునే హక్కు ఉంది, దాన్ని విసుక్కోకుండా వివరించవలసిన బాధ్యత డబ్బు తీసుకునేవారిది. మీ రసీదులో ట్యూషన్ ఫీజు అని ఉన్నది బడి వేళల్లో తరగతి గదిలో చెప్పే చదువుకు తీసుకునే రుసుమే. ఇక్కడ ట్యూషన్ అన్న మాటను బోధన అనే దాని పాత అర్థంలో వాడారు. బస్సుకు, పుస్తకాలకు, పరీక్షలకు వేరువేరు పద్దులు ఉన్నట్లే బోధనకు ఇది ఒక పద్దు. సాయంత్రం ట్యూషన్‌తో దీనికి సంబంధం లేదు.

మీ తమ్ముని బిడ్డ కాగితాలలో ఉన్నదీ ఈ అర్థమే. ఫీజు రీయింబర్స్‌మెంట్ అని మనం పిలుచుకునే పథకంలో ఆర్.టి.ఎఫ్., ఎం.టి.ఎఫ్. అని రెండు భాగాలుంటాయి. మొదటిది "రీయింబర్స్‌మెంట్ ఆఫ్ ట్యూషన్ ఫీ", అంటే కళాశాలకు చెల్లవలసిన బోధన రుసుమును ప్రభుత్వం భరించడం. రెండోది "మెయింటెనెన్స్ ఫీ", అంటే విద్యార్థి ఖర్చులకు ఇచ్చేది. పిల్లలు ఈ రెంటినీ కలిపి స్కాలర్‌షిప్ పడ్డదా, పడలేదా అని మాట్లాడుకుంటారు గాని ఈ-పాస్ వెబ్‌సైట్‌లో చూసేటప్పుడు రెండింటినీ విడివిడిగా చూడాలి. ఒకటి మంజూరై రెండోది ఆగి ఉండవచ్చు.

మీరు జీతం మీద పన్ను కట్టేవారైతే ఇంకొక ఉపయోగం కూడా ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80సి సెక్షన్, పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి, ఇద్దరు పిల్లల వరకు పూర్తికాలపు చదువు కోసం కట్టిన ట్యూషన్ ఫీజును మినహాయింపుగా చూపుకునే వీలు కల్పించింది. ఆ సెక్షన్ కింద వచ్చే ఇతర పొదుపులతో కలిపి దాని మొత్తం పరిమితి లక్షన్నర రూపాయలు. డెవలప్‌మెంట్ ఫీజులు, విరాళాలు అందులోకి రావు. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పే సారుకు ఇచ్చే డబ్బును మనం ట్యూషన్ ఫీజు అనే పిలుస్తాం, కానీ అదీ అందులోకి రాదు. చట్టం ఆ మాటను బడిలో, కాలేజీలో చెప్పే పూర్తికాలపు చదువుకే పరిమితం చేసింది. రసీదులో ట్యూషన్ ఫీజును విడిగా చూపించమని అడగడం ఇందుకు కూడా అవసరమే.

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఒకే మాటకు చదువు అనీ, చదువుకు కట్టే డబ్బు అనీ, సాయంత్రపు పాఠం అనీ ఇన్ని అర్థాలు ఎట్లా వచ్చాయో చెప్పగలరా? మా తాతగారు "ఖాన్గీ బడి" అనే మాట వాడేవారు. అది ఈ ట్యూషన్ వంటిదేనా?
— ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: అయ్యా, ఈ మాట పుట్టినప్పుడు దానికి ఈ మూడు అర్థాలలో ఏదీ లేదు. లాటిన్ భాషలో "తుయేరి" అనే క్రియ ఉంది. చూచు, చూసుకొను, కాపాడు అని దాని అర్థాలు. దాని నుంచి వచ్చిన నామవాచకానికి కాపుదల, సంరక్షణ అని అర్థం. అది ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చిన 15వ శతాబ్దంలో కూడా ఆ అర్థమే ఉండేది. అప్పటి ఉత్తరాల చివర "మిమ్మల్ని దేవుని సంరక్షణకు అప్పగిస్తున్నాను" అని రాయవలసినచోట ట్యూషన్ అన్న మాటనే వాడేవారు. షేక్‌స్పియర్ రాసిన "మచ్ అడో అబౌట్ నథింగ్" నాటకం మొదటి అంకంలో పాత్రలు ఇటువంటి ఉత్తరపు ముగింపును అనుకరిస్తూ "టు ద ట్యూషన్ ఆఫ్ గాడ్" అని మాట్లాడతారు. ఆ నాటకం 1600లో అచ్చయింది. ఆ వాక్యాన్ని నేటి అర్థంతో చదివిన విద్యార్థి, దేవుడి దగ్గర పాఠం చెప్పించుకోవడం ఏమిటని ఆశ్చర్యపోవలసి వస్తుంది.

కాపుదల అనే అర్థం నుంచి బోధన అనే అర్థానికి దారి చూపినది ట్యూటర్ అనే మాట. రోమన్ చట్టంలో తండ్రిని కోల్పోయిన మైనరు పిల్లల ఆస్తికీ బాగోగులకూ బాధ్యత వహించే సంరక్షకుణ్ణి ట్యూటర్ అనేవారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కళాశాలల్లో చిన్న వయసులోనే వచ్చి చేరిన విద్యార్థుల నడవడికనూ ఖర్చులనూ కనిపెట్టి ఉండే అధ్యాపకుడికి ఆ పేరే వచ్చింది. ఆయన పిల్లవాణ్ణి చూసుకోవడమే కాక చదువు కూడా చెప్పేవాడు గనుక, క్రమంగా చూసుకోవడం వెనకబడి చదువు చెప్పడం ముందుకు వచ్చింది. 16వ శతాబ్దం ముగిసేనాటికి ట్యూషన్‌కు బోధన అనే అర్థం ఏర్పడింది. పిల్లవాడి యోగక్షేమాలు చూసే మనిషి, అక్షరాలు నేర్పే మనిషి ఒక్కరే అయి ఉండిన కాలం ఆ మాటలో దాగి ఉన్నదని గుర్తించినప్పుడల్లా నాకు ఈ మాట మీద గౌరవం పెరుగుతుంది.

డబ్బు అనే అర్థం 19వ శతాబ్దపు అమెరికాలో వచ్చింది. ట్యూషన్ ఫీ అనే జంటలో రెండో మాట రాలిపోయి, మొదటి మాటే రెండింటి బరువునూ మోసిందని నిఘంటుకారులు భావిస్తారు. ఇటువంటి మార్పు మనకు కొత్త కాదు. "కరెంటు కట్టి వచ్చిన" అని మన ఊళ్లలో అంటే కరెంటు బిల్లు కట్టి వచ్చాడని అందరికీ తెలుస్తుంది, బిల్లు అన్న మాట పలకనవసరం లేదు. ఇన్‌ట్యూషన్ అనే మాట కూడా ఈ కుటుంబంలోనిదే. లోపలికి చూడడం, తేరిపార చూడడం అనే క్రియ నుంచి వచ్చి, ఎవరూ చెప్పకుండా మనసుకు తోచేదాన్ని తెలిపే మాటగా స్థిరపడింది. చూచు అనే మూలార్థం దానిలో నేటికీ మిగిలే ఉంది.

ఇక ఖాన్గీ బడి సంగతి. మీ తాతగారు వాడిన మాట విలువైనది, దాన్ని మరిచిపోకూడదు. ఖాన్గీ అన్నది ఫారసీ నుంచి ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. ఇంటికి సంబంధించినది అని దాని మూలార్థం, సర్కారుది కానిది అని వాడుక అర్థం. హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ విద్య ప్రధానంగా ఉర్దూలో సాగుతున్న రోజుల్లో, ఊరివాళ్లు తమ ఖర్చుతో పంతులును నిలుపుకొని తెలుగులో చదువు చెప్పించుకున్న బడులు ఈ పేరుతోనే ఉండేవి. వాటి మీద ప్రభుత్వం పెట్టిన ఆంక్షలను తొలగించాలని ఆ రాజ్యంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ కోరింది. ఆ మహాసభ రెండవ సమావేశం 1931లో మీ జిల్లాలోని దేవరకొండలోనే బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగిందన్నది మీకు తెలిసే ఉంటుంది. కనుక ఖాన్గీ బడి అంటే నేటి సాయంత్రపు ట్యూషన్ కాదు. బడికి అదనంగా చెప్పించుకునేది ట్యూషన్. ఖాన్గీ బడి మాత్రం, అది తప్ప తెలుగులో వేరే బడి లేనివారికి, అసలు బడే.

ప్రశ్న: నేను బి.ఎస్సీ., బి.ఎడ్. చేసి, ఉద్యోగం వచ్చేవరకు ఇంటి దగ్గర ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఒక పాఠశాలకు పంపిన దరఖాస్తులో "ఐ యామ్ టేకింగ్ హోమ్ ట్యూషన్స్ సిన్స్ ఫోర్ ఇయర్స్" అని రాశాను. ఇంటర్వ్యూలో కూర్చున్నవారు ఆ వాక్యం చదివి నవ్వారు, తప్పేమిటో చెప్పలేదు. చాలా చిన్నతనంగా అనిపించింది. ఎట్లా రాయాలో చెప్పండి.
— ఒక అధ్యాపకురాలు, వనపర్తి

జవాబు: అమ్మా, నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు నేర్పిన మనిషిని ఒక్క వాక్యాన్ని పట్టుకొని నవ్వడం అధ్యాపక వృత్తిలో ఉన్నవారికి తగని పని. మీ వాక్యం మన దేశంలో లక్షలమంది మాట్లాడే ఇంగ్లీషే. ఉద్యోగ దరఖాస్తులో మాత్రం మూడుచోట్ల మార్చుకోవడం మంచిది.

మొదటిది బహువచనం. తెలుగులో ట్యూషన్లు అనడం నూటికి నూరుపాళ్లు సరైనదే. ఆ మాట మన భాషలోకి వచ్చాక మన వ్యాకరణాన్నే పాటిస్తుంది, మనం ట్యూషన్ చెబుతాం, పెట్టిస్తాం, మాన్పిస్తాం. ఇంగ్లీషులో బోధన అనే అర్థంలో ఆ మాటను లెక్కపెట్టరు, కాబట్టి చివర "ఎస్" చేర్చరు. ఎందరు పిల్లలకు చెప్పినా, ఎన్ని పాఠాలు చెప్పినా అది ట్యూషనే. ఎన్ని పాఠాలో చెప్పవలసి వస్తే "లెసన్స్" అన్న మాట ఉన్నది.

రెండవది "టేక్" అనే క్రియ, అసలు ఇబ్బందంతా దీనితోనే. మన దగ్గర చెప్పే సారు "ట్యూషన్ తీసుకుంటున్నాను" అంటారు, చెప్పించుకునే పిల్లవాడూ ఇంగ్లీషులో "ఐ టేక్ ట్యూషన్" అనే అంటాడు. వినేవారికి ఎవరు గురువో ఎవరు శిష్యులో తెలియదు. బ్రిటన్‌లో ఉపాధ్యాయుడు క్లాస్ టేక్ చేశాడంటే పాఠం చెప్పాడని, అమెరికాలో ఒకరు క్లాస్ టేక్ చేశారంటే ఆ తరగతిలో చేరి చదివారని అర్థం. మీ దరఖాస్తును అమెరికాలో చదువుకొని వచ్చిన ప్రిన్సిపాల్ చూస్తే, మీరు నాలుగేళ్లుగా ఎవరి దగ్గరో లెక్కలు నేర్చుకుంటున్నారని అనుకోవచ్చు. అందుకే చెప్పేవారు "గివ్", చెప్పించుకునేవారు "హావ్" లేదా "రిసీవ్" అనే క్రియలు వాడితే అయోమయం ఉండదు.

మూడవది "సిన్స్". ఏ రోజు లేక ఏ సంవత్సరం మొదలుపెట్టారో చెప్పేటప్పుడే అది వస్తుంది. ఎంతకాలంగా అన్నది చెప్పడానికి "ఫర్" వాడాలి.

నన్నడిగితే మీ దరఖాస్తులో ట్యూషన్ అన్న మాటే అక్కర్లేదు. "ఐ హావ్ టాట్ మ్యాథమెటిక్స్ ప్రైవేట్లీ టు స్టూడెంట్స్ ఆఫ్ క్లాసెస్ సిక్స్ టు టెన్ ఫర్ ఫోర్ ఇయర్స్" అని రాయండి. చెప్పిన విషయం, చెప్పిన తరగతులు, చెప్పిన కాలం, మూడూ ఒక్క వాక్యంలో వస్తాయి. హోదా రాయవలసిన గడిలో "ప్రైవేట్ ట్యూటర్, మ్యాథమెటిక్స్" అని రాస్తే చాలు. "హోమ్ ట్యూషన్స్" అంటే ఖాళీగా ఉండి చేసిన పని అన్నట్లు కొందరు చూస్తారు గాని, ట్యూటర్ అన్న మాట మీరు చేసిన పనికి తగిన గౌరవాన్ని ఇస్తుంది. పదో తరగతి పిల్లవాడికి త్రికోణమితి అర్థమయ్యేటట్లు చెప్పగలగడం ఏ ఇంటర్వ్యూలోనైనా ముందుగా చెప్పుకోదగిన అర్హతే.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. పదో తరగతి పిల్లలకు పొద్దునా సాయంత్రమూ బడిలోనే ప్రత్యేక తరగతులు నడుపుతాం. ఒక నివేదికలో వీటిని ఇంగ్లీషులో "ట్యూషన్ క్లాసెస్" అని రాస్తే, సర్కారు టీచర్లు ట్యూషన్ చెప్పకూడదని తెలియదా అని ఒకరు ఆక్షేపించారు. ఏమని రాయాలి? కోచింగ్ అనవచ్చునా?
— ఒక ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్

జవాబు: మీరు చేస్తున్న పని మెచ్చుకోదగినది, దానికి పెట్టిన పేరుతోనే చిక్కు వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 2009లోని 28వ సెక్షన్ ఏ ఉపాధ్యాయుడూ "ప్రైవేట్ ట్యూషన్" గాని ప్రైవేటు బోధన వ్యాపకం గాని పెట్టుకోరాదని చెబుతుంది. అక్కడ బరువంతా ప్రైవేట్ అన్న విశేషణం మీద ఉంది. బడి తరఫున, బడి ఆవరణలో, పిల్లల దగ్గర పైసా తీసుకోకుండా చెప్పే తరగతులు ఆ మాటలోకి రావు. అయినా మన దేశంలో ట్యూషన్ అనగానే ప్రైవేట్ అన్న విశేషణం పలకకుండానే వినిపిస్తుంది గనుక, నివేదికలలో ఆ మాటను మానుకోవడం మేలు. "స్పెషల్ క్లాసెస్" అని గాని, వెనకబడిన పిల్లల కోసం నడిపేవైతే "రెమిడియల్ క్లాసెస్" అని గాని రాయండి.

కోచింగ్ అన్న మాట ఇక్కడ పొసగదు. హంగేరీలోని కోచ్ అనే ఊరిలో తయారైన గుర్రపుబండి పేరు కోచ్ అయింది. విద్యార్థిని బండిలో కూర్చోబెట్టి తీసుకుపోయినట్లు పరీక్ష దాటించే ప్రైవేటు అధ్యాపకుణ్ణి 1830ల నాటి ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు ఆ పేరుతో పిలిచారు. ఆటల కోచ్ ఆ తరవాత వచ్చినవాడు. ఈనాటికీ ఆ మాటలో ఒక నిర్ణీత పరీక్ష అనే గురి ఉంటుంది. డీఎస్సీకి, గ్రూప్స్‌కు, నీట్‌కు కోచింగ్ అంటాం, ఎక్కాలు రాని పిల్లవాడికి ఎక్కాలు నేర్పడాన్ని కోచింగ్ అనం. మన జిల్లాల పిల్లలు అశోక్‌నగర్‌కో దిల్‌సుఖ్‌నగర్‌కో పోయి గదులు అద్దెకు తీసుకొనేది కోచింగ్ కోసం, పక్క వీధిలోకి పుస్తకాల సంచితో పోయేది ట్యూషన్ కోసం. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలు కూడా కోచింగ్ కేంద్రాలను ఉద్దేశించినవే. 16 ఏళ్లలోపు పిల్లలను వాటిలో చేర్చుకోరాదని అవి చెబుతాయి. పదో తరగతి పిల్లల కోసం మీ బడిలో నడిచేవాటిని కోచింగ్ అని రాస్తే అనవసరంగా మరో ఆక్షేపణకు చోటిచ్చినట్లవుతుంది.

గురుకులాల్లో ఈ రెండు మాటలూ వాడకుండానే పని జరుగుతుంది. 1971లో పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అప్పటి నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. సాయంత్రం ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పిల్లలు చదువుకునే వేళను గురుకులాల్లో "స్టడీ అవర్" అంటారు. మీ తరగతుల్లో పాఠం చెప్పడం తక్కువై, పిల్లలు కూర్చుని చదువుకోవడం ఎక్కువైతే, "సూపర్‌వైజ్డ్ స్టడీ" అన్న మాట కూడా మీకు పనికివస్తుంది.

ప్రశ్న: మా అక్క ట్యూషన్ సెంటర్ తెరుస్తున్నది. బోర్డు మీద ఇంగ్లీషులో ఎట్లా రాయాలి? మా పట్టణంలో ఒక్కో బోర్డు మీద ఒక్కో రకంగా ఉంది.
— ఒక ఇంటర్ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: ఈ మాటలో ఏడక్షరాలు ఉండాలి: టి, యు, ఐ, టి, ఐ, ఓ, ఎన్. చాలా బోర్డుల మీద యు తరవాతి ఐ ఎగిరిపోయి ఆరక్షరాలే ఉంటాయి. మనం రెండు ముక్కలుగా ట్యూ-షన్ అని పలుకుతాం గనుక మధ్యనున్న ఐ చెవికి అందదు, చెవికి అందనిది చేతికీ రాదు. ఇంగ్లీషువారు దాన్ని మూడు ముక్కలుగా, నడిమి ముక్కను ఒత్తి, ట్యూ-ఇ-షన్ అని పలుకుతారు. మీ అక్కగారు ఒకటి రెండుసార్లు అట్లా పలికి చూస్తే ఆ అక్షరం ఇక మరపునకు రాదు. బోర్డు మీద "ట్యూషన్ సెంటర్" అని రాస్తే చాలు, "ట్యూషన్స్" అక్కర్లేదు. దాని కింద ఏ తరగతులకు, ఏ విషయాలు చెబుతారో తెలుగులో కూడా రాయించండి. పెయింటర్‌కు నోటితో చెప్పి ఊరుకోకుండా ఏడక్షరాలనూ కాగితం మీద విడివిడిగా రాసి ఇచ్చి, రంగు ఆరకముందే ఒకసారి సరిచూసుకోమనండి.